గ్రంథాలయ పోషణ భారం ఎవరిది?

ప్రజలంతా కలిసి వాడుకునే ఏ సంస్థకైనా అయ్యే ఖర్చు రెండు తెగలుగా ఉంటుంది. స్థలం, భవనం, బీరువాలు, బల్లలు, తొలి విడత పుస్తకాలు వంటి వాటికి ఒక్కసారిగా పెట్టే ఖర్చును మూలధన వ్యయం అంటారు. సంస్థ తలుపులు తెరిచి ఉన్నంతకాలం నెలనెలా, ఏటేటా తప్పక పెట్టవలసిన ఖర్చును నిర్వహణ వ్యయం అంటారు. మొదటి దానికి దాతలు దొరుకుతారు, శంకుస్థాపన జరుగుతుంది, శిలాఫలకం మీద పేర్లు చెక్కుతారు. రెండవ దానికి ఫలకం ఉండదు, ప్రారంభోత్సవం ఉండదు, అయినా సంస్థ ప్రాణం దానిలోనే ఉంటుంది. తెలుగునాట గ్రంథాలయాల చరిత్రను ఈ కోణం నుంచి పరిశీలిస్తే, మూతపడిన వాటిలో చాలా వాటికి లోపించినది స్థాపకుల ఉత్సాహం కాదని, స్థాపన తరువాతి సంవత్సరాల ఖర్చుకు నిలకడైన ఏర్పాటని తేలుతుంది. ఆ ఏర్పాటు ఎన్ని విధాలుగా జరిగింది, ఒక్కొక్క విధానంలోని బలమేమిటి, లోపమేమిటి అన్నది ఈ ప్రసంగ విషయం.

ముందుగా నిర్వహణ వ్యయంలో ఏమేమి చేరతాయో చూడాలి. ఒక సామాన్యమైన శాఖా గ్రంథాలయాన్ని తీసుకుంటే, గ్రంథపాలకుడి జీతం, గది అద్దె, కరెంటు బిల్లు, దినపత్రికలకు, వారపత్రికలకు నెలవారీ చెల్లింపు, కొత్త పుస్తకాల కొనుగోలు, పాత పుస్తకాల బైండింగు, చెదల మందు, ఊడ్చి తుడిచే మనిషికి కూలి, రిజిస్టర్లు, ఫారాలు అన్నీ ఇందులోకే వస్తాయి. వీటిలో జీతం, అద్దె, కరెంటు ఆగితే వెంటనే బయటపడతాయి గనుక వాటిని ఎలాగో సర్దుతారు. బైండింగు ఆగితే ఆ ఏడాది ఎవరికీ తెలియదు. పదిమంది చేతులు మారిన నవలకు మొదట అట్ట వదులవుతుంది, ఆ తరువాత మొదటి ఫారం కుట్టు తెగుతుంది, ఆపైన పేజీలు ఒకటొకటిగా జారిపోతాయి. కుట్టు తెగిన దశలోనే విప్పి, ఫారాలు మళ్లీ కుట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి కాచిన మైదా జిగురుతో వీపుకు గుడ్డ అతికి, కాలికో అట్ట వేయిస్తే ఆ పుస్తకం మరికొన్నేళ్లు చదువరులకు అందుతుంది. ఆ స్వల్ప ఖర్చు తప్పించుకున్న గ్రంథాలయం, పుస్తకం మొత్తాన్నే పోగొట్టుకుంటుంది. అచ్చులో లేని పుస్తకమైతే ఎంత డబ్బు పోసినా తిరిగి రాదు. ఈ విధంగా నిర్వహణ వ్యయాన్ని వాయిదా వేయడమంటే మూలధనాన్ని నెమ్మదిగా కరగబెట్టుకోవడమే అవుతుంది.

ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలలో చివరిది గ్రంథాలయాన్ని పెరిగే జీవిగా నిర్వచిస్తుంది. ఈ సూత్రాన్ని బీరువాల ఏర్పాటుకు, భవన నిర్మాణానికి అన్వయించినంతగా జమాఖర్చులకు అన్వయించలేదు. పెరిగే జీవికి ఆహారం కూడా పెరుగుతూ రావాలి గనుక, ఏటా ఒకే మొత్తం వచ్చే ఏర్పాటు గ్రంథాలయాన్ని ఉన్నచోట ఉంచినట్లు కనిపించినా నిజానికి వెనక్కు నెడుతుంది.

పోషణ మార్గాలలో అన్నిటికంటే పాతది చందా, అంటే సభ్యులు నెలకో, ఏడాదికో ఇంత అని ముందుగా ఒప్పుకొని చెల్లించే సొమ్ము. 1901లో హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వంటి సంస్థలు ప్రభుత్వం ఇచ్చిన నిధులతో పుట్టినవి కావు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు ఆదరణ కరువైన రోజులలో అభిమానులు తమ సొంత సొమ్మునే వెచ్చించి వాటిని నిలబెట్టారు. 1914 ఏప్రిల్ 10న చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడేనాటికి, కోస్తా జిల్లాల్లో ఊరూరా వెలసిన పఠన మందిరాలకు ఆధారం ఇటువంటి చందాలు, విరాళాలే. అయ్యంకి వెంకటరమణయ్య వంటి కార్యకర్తలు జీవితమంతా ఈ పనికే వెచ్చించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయ ఉద్యమానికి పెద్దదిక్కుగా నిలిచారు. పాతూరి నాగభూషణం 1935లో కాలువల మీద పడవలో పుస్తకాలు పంపించి గట్టుమీది పల్లెలకు చదువు చేరవేశారు.

చందా విధానానికి ఉన్న గొప్ప బలం మమకారం. నెలకు కొద్దిపాటి సొమ్మైనా తన చేతితో ఇచ్చిన మనిషి ఆ సంస్థ తనదనుకుంటాడు, తలుపు వేళకు తీయకపోతే అడుగుతాడు, లెక్క చూపమంటాడు. అయితే ఈ విధానానికి రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది, చందా కట్టలేని వాడికే ఉచిత గ్రంథాలయం అవసరం ఎక్కువ; కట్టిన వారికే పుస్తకం అన్న నియమం పెట్టిన నాడు పాలేరు కొడుకు, బీడీ కార్మికురాలి కూతురు గుమ్మం బయటే ఆగిపోతారు. రెండవది, చందా వసూలు కొద్దిమంది కార్యకర్తల కాళ్ల మీద, వారి మొహమాటాల మీద ఆధారపడి ఉంటుంది. ఇంటింటికీ తిరిగే ఆ మనిషి ఊరు మారినా, వయసు మీరినా వసూలు సన్నగిల్లుతుంది. ఒక తరం త్యాగం మరొక తరానికి ఆదాయంగా మారాలంటే వ్యక్తిని మించిన ఏర్పాటు కావాలి.

అటువంటి ఏర్పాటుగా దాతలు ఆలోచించినది శాశ్వత నిధి. అసలును ముట్టుకోకుండా బ్యాంకులో ఉంచి, లేదా భూమి కొని, దానిపై వచ్చే వడ్డీని, కౌలును మాత్రమే ఖర్చు చేసుకునే మూలనిధిని శాశ్వత నిధి అంటారు. ఏడాదికి 60,000 రూపాయల ఖర్చున్న చిన్న గ్రంథాలయానికి నూటికి 6 రూపాయల వడ్డీ మీద ఆ సొమ్ము రావాలంటే 10 లక్షల రూపాయల నిధి ఉండాలి. ఏటా చేయి చాచే అవసరం తప్పుతుంది గనుక ఇది మేలైన మార్గమే. కానీ ధరల పెరుగుదల దీనికి తీరని శత్రువు. 1920 ప్రాంతంలో ఒక దాత 1,000 రూపాయలు నిధిగా ఉంచి, నూటికి 5 చొప్పున ఏడాదికి 50 రూపాయలు వచ్చేటట్లు చేసి ఉంటే, ఆ రోజుల్లో దానితో ఒక చిన్న పఠన మందిరానికి పత్రికలు తెప్పించవచ్చు. అదే 50 రూపాయలు నేడు ఒక దినపత్రికకు వారం రోజుల ఖరీదును మించవు. అందుచేత వచ్చిన వడ్డీ అంతా ఖర్చు చేయకుండా కొంత భాగాన్ని ప్రతి ఏటా అసలులో కలిపే నియమం లేని శాశ్వత నిధి, పేరుకు శాశ్వతమే గాని రెండు తరాలకే నీరసిస్తుంది.

దాతృత్వానికి, నిర్వహణకు ఉన్న సంబంధాన్ని లోతుగా ఆలోచించిన దాతగా ఆండ్రూ కార్నెగీని చెప్పుకోవాలి. స్కాట్లాండులో పుట్టి అమెరికాలో ఉక్కు పరిశ్రమతో అపార ధనం గడించిన ఆయన, 1883 నుంచి 1929 వరకు సాగిన నిర్మాణాలలో ప్రపంచవ్యాప్తంగా 2,509 గ్రంథాలయ భవనాలకు సొమ్ము సమకూర్చాడు. ఆయన భవనం కట్టించేవాడు గాని నిర్వహణకు సొమ్ము ఇచ్చేవాడు కాదు. స్థలం ఊరే చూపాలని, తానిచ్చిన మొత్తంలో పదోవంతును ప్రతి ఏటా ఊరే పన్నుల ద్వారా వెచ్చించేందుకు ముందుగా తీర్మానం చేయాలని షరతు పెట్టేవాడు. 10,000 డాలర్ల భవనం కావాలనుకున్న పట్టణం ఏటా 1,000 డాలర్లకు కట్టుబడాలి. ఈ షరతు నచ్చక కొన్ని ఊళ్లు ఆ దానాన్నే వద్దనుకున్నాయి. ఒప్పుకున్న ఊళ్లలో కొన్ని మాట నిలుపుకోలేకపోయాయి. 1916లో ఆల్విన్ జాన్సన్ అనే ఆర్థికవేత్త కార్నెగీ సంస్థ కోసం ఈ గ్రంథాలయాలను పరిశీలించి, భవనాలకంటే శిక్షణ పొందిన గ్రంథపాలకుల కొరతే అసలు సమస్య అని నివేదించాడు. మరుసటి ఏడాది ఆ సంస్థ కొత్త భవనాలకు నిధులు మంజూరు చేయడం మానుకున్నది. తలుపులు తెరిచి, చదువరికి కావలసినది వెతికి ఇచ్చే మనిషి లేనిదే ఎంత అందమైన భవనమైనా పుస్తకాల గోదాముగానే మిగులుతుందన్న సత్యం ఆ అనుభవం వల్ల లోకానికి రుజువైంది.

మూడవ మార్గం పన్ను. గ్రంథాలయం రహదారి వంటిదే, మంచినీటి వంటిదే అయితే, దాని ఖర్చు కూడా వాటివలెనే అందరి మీదా కొద్దికొద్దిగా పడాలన్నది దీని వెనుక ఉన్న న్యాయం. ఇంగ్లండులో విలియం ఎవర్ట్ అనే పార్లమెంటు సభ్యుడి కృషివల్ల 1850లో వచ్చిన గ్రంథాలయ చట్టం, పట్టణాలు పౌండుకు అరపెన్నీ చొప్పున పన్ను వేసుకోవడానికి అనుమతి ఇచ్చింది. పౌండుకు 240 పెన్నీలు గనుక ఇది 480వ వంతు మాత్రమే. అంతకంటే విచిత్రమైన సంగతి, ఆ సొమ్ము భవనానికి, జీతాలకు వాడవచ్చు గాని పుస్తకాలు కొనడానికి వీలులేదు. పుస్తకాలు దాతలే ఇస్తారని చట్టం చేసినవారు భావించారు. ఐదేళ్లకే ఆ పొరపాటు గ్రహించి, 1855లో పన్నును ఒక పెన్నీకి పెంచి పుస్తకాల కొనుగోలుకు కూడా అనుమతించారు. అయితే ఆ ఒక పెన్నీ పరిమితి 1919 దాకా కదలలేదు. ధరలు, జనాభా, చదువుకున్నవారి సంఖ్య పెరిగినా పన్ను గరిష్ఠ రేటు మాత్రం అక్కడే నిలిచిపోవడంతో చిన్న పట్టణాల గ్రంథాలయాలు దశాబ్దాల తరబడి ఇబ్బంది పడ్డాయి.

భారతదేశంలో స్వాతంత్ర్యం వచ్చాక ఈ దారిలో తొలి అడుగు మద్రాసు రాష్ట్రానిది. రంగనాథన్ ఏళ్ల తరబడి చేసిన కృషి ఫలితంగా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రంలోనివే గనుక తెలుగువారికీ అదే తొలి గ్రంథాలయ చట్టం. ఆస్తి పన్ను మీద అదనంగా వేసే చిన్న మొత్తం, అంటే గ్రంథాలయ పన్ను లేక సెస్సు, ఈ చట్టానికి వెన్నెముక. మద్రాసు నగరం వంటి మినహాయింపులు తప్ప మిగతా జిల్లాలలో ఎంత సెస్సు వసూలైతే కనీసం అంత సొమ్ము ప్రభుత్వం కూడా కలపాలన్న నిబంధన దీనిలోని మరో విశేషం. హైదరాబాదు రాష్ట్రంలో 1955లో వేరే చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రెండు ప్రాంతాలకూ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం చేశారు. జిల్లాకొక జిల్లా గ్రంథాలయ సంస్థ, హైదరాబాదుకు నగర గ్రంథాలయ సంస్థ ఆ చట్టం ద్వారానే ఏర్పడ్డాయి.

ఈ సెస్సు సామాన్యుడి ఇంట ఎక్కడ కనిపిస్తుందంటే, పంచాయతీ గాని పురపాలక సంఘం గాని పంపే ఇంటి పన్ను డిమాండు నోటీసులో. ఇంటి పన్ను, నీటి పన్ను, లైటింగు పన్ను వంటి వాటి వరుసలో లైబ్రరీ సెస్సు అని ఒక గడి ఉంటుంది. తెలుగు రాష్ట్రాలలో దీని రేటు పన్ను రూపాయికి 8 పైసలు. 1,200 రూపాయల ఇంటి పన్ను ఉన్న గృహస్థు దానితో పాటు 96 రూపాయలు గ్రంథాలయానికి చెల్లిస్తాడు. ఆ సంగతి అతడికి తెలియకపోవచ్చు; ఊళ్లోని గ్రంథాలయం గడప అతడెన్నడూ తొక్కి ఉండకపోవచ్చు; అయినా దాని పోషకులలో అతడొకడు. తమిళనాడులో రూపాయికి 10 పైసలు, కర్ణాటకలో 6 పైసలు, కేరళలో 5 పైసలు ఉండగా, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ చట్టాలు సెస్సు లేకుండా ప్రభుత్వ గ్రాంటుల మీదనే గ్రంథాలయాలను నిలిపాయి. గ్రాంటు అంటే ప్రభుత్వం బడ్జెటు నుంచి ఇచ్చే సహాయం. అది ఏటా ప్రభుత్వ దయ మీద, ఖజానా స్థితి మీద ఆధారపడుతుంది. సెస్సు అయితే చట్టబద్ధమైన హక్కు. ఊరు పెరిగి కొత్త ఇళ్లు లేచిన కొద్దీ దానికదే పెరుగుతుంది. పెరిగే జీవికి పెరిగే ఆహారం కావాలన్న షరతును పాక్షికంగానైనా తీర్చే మార్గం ఇదొక్కటే.

అయితే చట్టంలో ఉన్న హక్కు చేతికి రావడానికి మధ్య ఒక మజిలీ ఉన్నది. సెస్సును వసూలు చేసేది గ్రంథాలయ సంస్థ కాదు, స్థానిక సంస్థ. పంచాయతీలు, పురపాలక సంఘాలు ప్రజల నుంచి వసూలు చేసిన సెస్సును లెక్కకట్టి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వీధి దీపాలకో, పారిశుధ్యానికో, సిబ్బంది జీతాలకో సొమ్ము చాలని స్థానిక సంస్థ, ముందు అవసరానికి దీనినీ వాడుకొని తరువాత చెల్లించవచ్చులే అనుకోవడం తరచుగా జరుగుతున్నది. ఆ విధంగా ఏళ్ల తరబడి పేరుకున్న బకాయిలు తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ గ్రంథాలయ సంస్థలకు తీరని బెడదగా ఉన్నాయి. ఇందులో పన్ను కట్టిన పౌరుడి తప్పు లేదు, పుస్తకం అడిగిన విద్యార్థి తప్పు అసలే లేదు. పోటీ పరీక్షలకు చదువుకునే నిరుద్యోగ యువతీయువకులు ఉదయం తలుపు తీయకముందే వచ్చి కుర్చీ కోసం నిలబడే గ్రంథాలయాలలో, కొత్త పాఠ్య గ్రంథాలు, చాలినన్ని ఫ్యాన్లు, శుభ్రమైన మరుగుదొడ్లు లేకపోవడం ఈ బకాయిల ఫలితమే. గ్రంథాలయం పేరు చెప్పి ప్రజల నుంచి తీసుకున్న సొమ్ము గ్రంథాలయానికి చేరకపోవడం కేవలం పద్దుల సర్దుబాటు కాదు, అది మాట తప్పడం.

నాలుగవ మార్గం జతనిధి పద్ధతి, అంటే ఒకరు ఇంత ఇస్తే మరొకరు దానికి సమానంగా ఇచ్చే ఒడంబడిక. దీనికి భారతదేశంలో తొలి గొప్ప ఉదాహరణ బరోడా సంస్థానం. మహారాజు మూడవ శాయాజీరావు గైక్వాడ్ 1910లో విలియం అలన్సన్ బోర్డెన్ అనే అమెరికా గ్రంథాలయ నిపుణుడిని రప్పించి, రాజ్యమంతటా ఉచిత గ్రంథాలయాల వ్యవస్థ నెలకొల్పాడు. ఊరివారు ఒక వంతు పోగుచేస్తే, జిల్లా స్థాయి పంచాయతీ ఒక వంతు, సంస్థానం ఒక వంతు కలిపేవి. ఊరు కదలకపోతే పైనుంచి సొమ్ము కదలదు. ఊరు కదిలితే దాని రూపాయి మూడు రూపాయలవుతుంది. చందాలోని మమకారాన్ని, పన్నులోని నిలకడను ఈ పద్ధతి ఒక్కచోట చేర్చగలిగింది. 1972లో కలకత్తాలో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ సంస్థ నేటికీ రాష్ట్రాలతో కలిసి పుస్తకాల కొనుగోలు వంటి వాటికి ఇటువంటి జతనిధిని సమకూర్చుతున్నది. కేరళలో పి.ఎన్. పణిక్కర్ కృషితో 1945లో మొదలైన గ్రంథశాలా సంఘ ఉద్యమం మరో దారి చూపింది. అక్కడ 1989 చట్టం వచ్చిన తరువాత కూడా ఊరి గ్రంథాలయం ఊరి సభ్యులు ఎన్నుకున్న కమిటీ చేతిలోనే ఉండి, సెస్సు నుంచి, ప్రభుత్వం నుంచి సహాయం అందుకుంటున్నది. తెలుగునాట చట్టం వచ్చాక ఎన్నో ప్రజా గ్రంథాలయాలు ప్రభుత్వ శాఖలుగా మారి నిలకడ సంపాదించుకున్నాయి గాని, ఆ క్రమంలో ఊరి పెద్దరికాన్ని, ఊరి పట్టింపును చాలావరకు కోల్పోయాయి. 1918లో పుట్టి, 1929లో గాంధీజీ భవనానికి శంకుస్థాపన చేసిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి సంస్థలు నేటికీ పరిశోధకులకు పాత పత్రికలను అందించగలుగుతున్నాయంటే, దాని వెనుక తరతరాల స్థానికుల పూనిక ఉన్నది.

ఇదే ప్రశ్న నేడు కంప్యూటర్ తెర మీది ఉమ్మడి జ్ఞాన సంస్థలకూ ఎదురవుతున్నది. 2001 జనవరి 15న మొదలైన వికీపీడియా, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా జీతం లేని రచయితల శ్రమతో పెరిగాయి. కానీ సర్వర్లకు, అంటే ఆ సమాచారాన్ని రేయింబవళ్లు నిలవచేసి అడిగినవారికి అందించే యంత్రాలకు, కరెంటుకు, సాంకేతిక నిపుణులకు ఖర్చు తప్పదు. 2002లో ప్రకటనలు వస్తాయేమోనన్న అనుమానం మీద స్పానిష్ భాషా రచయితలు పలువురు విడిపోయి వేరుకుంపటి పెట్టుకున్నారు. సొమ్ము వచ్చే దారి సంస్థ స్వభావాన్ని ఎంతగా నిర్ణయిస్తుందో ఆ ఘటన తెలియజెప్పింది. 2003లో వికీమీడియా ఫౌండేషన్ ఏర్పడి పాఠకుల చిన్న విరాళాలనే ప్రధాన ఆధారం చేసుకున్నది. 2016లో శాశ్వత నిధిని మొదలుపెట్టి, 2021 నాటికి 10 కోట్ల డాలర్ల లక్ష్యాన్ని చేరింది. ఆ ఏడాదే భారీగా సమాచారం వాడుకునే వాణిజ్య సంస్థల నుంచి రుసుము తీసుకునే ఏర్పాటు చేసింది. ఈ మూడవ ఏర్పాటు ఎంత అవసరమో తరువాతి పరిణామాలు చూపాయి. కృత్రిమ మేధ కోసం సమాచారం ఏరుకునే యంత్రాల రాక పెరిగి, 2024 జనవరి నుంచి బొమ్మలు, వీడియోల దిగుమతికి పట్టే రవాణా భారం 50 శాతం పెరిగిందని ఆ ఫౌండేషన్ 2025లో వెల్లడించింది. చందా, నిధి, వాడకానికి తగిన రుసుము అనే మూడు పాత మార్గాలే కొత్త యంత్ర యుగంలోనూ పనికివచ్చాయన్నది గమనించదగిన విషయం.

ఈ అనుభవాలన్నిటినీ కలిపి చూస్తే కొన్ని సూత్రాలు తేటపడతాయి. ఒకే ఆధారం మీద నిలిచిన సంస్థ ఆ ఆధారం కదిలితే పడిపోతుంది గనుక ఆదాయ మార్గాలు కనీసం రెండు మూడు ఉండాలి. పెద్దమొత్తం ఒకసారి ఇచ్చే ఒక్క దాతకంటే, చిన్న మొత్తం ఏటేటా ఇచ్చే వందమంది విలువైనవారు. ఎందుకంటే వారిలో ఒకరిద్దరు తప్పుకున్నా సంస్థ తలుపులు మూతపడవు. చదివే చోట చదువరి దగ్గర రుసుము అడగకూడదు. ఇవ్వగలవాడు ఇవ్వాలి, అందరూ చదవాలి. భవనానికి విరాళం తీసుకునే ముందే దాని ఏటి ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో తీర్మానం రాసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, వచ్చిన ప్రతి రూపాయి ఎక్కడికి పోయిందో ఇచ్చినవాడికి తెలియాలి.

ఈ చివరి సూత్రం అమలుకు కొత్త చట్టం అక్కరలేదు. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాలలో వ్యాసరచన పోటీలు, ఉపన్యాసాలు, బహుమతి ప్రదానాలు జరుగుతాయి; అవన్నీ కావలసినవే. వాటితో పాటు ఒక రోజును జమాఖర్చులకు కేటాయించి, ఆ ఊళ్లో లైబ్రరీ సెస్సు కింద ఏడాదిలో ఎంత వసూలైందో, అందులో ఎంత గ్రంథాలయ సంస్థకు జమ అయిందో, ఎంత బకాయి ఉన్నదో, పుస్తకాలకు, పత్రికలకు, బైండింగుకు ఎంతెంత ఖర్చయిందో సర్పంచి సమక్షంలో, పురపాలక అధ్యక్షుడి సమక్షంలో చదివి వినిపించాలి. గ్రామసభలో తన డిమాండు నోటీసు చేతబట్టుకొని, ఈ గడిలోని సొమ్ము ఎటు పోయిందని అడిగే హక్కు ప్రతి పౌరుడికీ ఉన్నది. తాను పోషకుడినని పౌరుడికి తెలిసిననాడు బకాయిలు తరిగిపోతాయి, గ్రంథాలయానికి రావలసినది వస్తుంది. పోషణ భారం ఎవరిదన్న ప్రశ్నకు చట్టం ఏనాడో జవాబు చెప్పింది: అది ఊరందరిది. ఆ జవాబును అమలుచేయించుకోవడం కూడా ఊరందరి పనే.